మూడు స్విచ్చులు, ఒక తీగ ముక్క

గుంటూరు పక్కన ఒక కోల్డ్ స్టోరేజీ. ఏదని అడగకండి, అక్కడ అలాంటివి బోలెడు. ఫిబ్రవరిలో మొదలై మే దాకా మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, లారీలకెక్కి వచ్చి ఆ గోడల మధ్య చేరతాయి. ధర పలికేదాకా ఆగుదామని రైతు, రంగు తగ్గకూడదని వ్యాపారి, ఇద్దరూ ఆ చల్లటి గదుల మీదే భారం వేస్తారు. ఆ చల్లదనం అమోనియాది. వెనకవైపు మెషిన్ రూములో ఒక కంప్రెసరు రాత్రనక పగలనక ఆ గ్యాసును పీల్చి, నొక్కి, కండెన్సరుకు తోస్తూ ఉంటుంది.

ఆ కంప్రెసరుకు మూడు ప్రెషర్ స్విచ్చులు ఉండేవి. మొదటిది డిశ్చార్జి వైపు. నొక్కిన గ్యాసు ఒత్తిడి హద్దు దాటితే మోటారు ఆపేస్తుంది. హెచ్.పీ. కటౌట్ అంటారు. రెండోది సక్షన్ వైపు. అక్కడి ఒత్తిడి మరీ పడిపోతే ఆపుతుంది, తిరిగి పెరిగాక తనే నడిపిస్తుంది. అది ఎల్.పీ. కటౌట్. మూడోది ఆయిల్ స్విచ్చు. బేరింగులకు నూనె సరిగా అందకపోతే మెషిన్ని నిలబెట్టేస్తుంది. మూడింటి తీగలూ ఒకదాని వెనక ఒకటిగా కలిసి స్టార్టరు కాయిల్‌కు చేరతాయి. ఏ ఒక్కటి తెరుచుకున్నా మెషిన్ ఆగాల్సిందే.

చాలా ఏళ్లు ఆ గదిని ఒక పెద్దాయన చూసుకున్నాడు. అందరికీ మేస్త్రీయే. కంటి ఆపరేషన్ అయ్యాక పని మానేసి ఊరికి వెళ్లిపోయాడు. ఆయన స్థానంలోకి ఐటీఐ చదివిన కుర్రాడొకడు వచ్చాడు. చురుకైనవాడు, పనికి వెనకాడడు, రాత్రి డ్యూటీలో నిద్రపోడు. ఈ కథలో వాడు చెడ్డవాడు కాడని ముందే చెబుతున్నాను, ఎందుకంటే కాసేపట్లో వాడు చేసే పని చూసి మీరు అలా అనుకునే ప్రమాదం ఉంది.

ఆ ఏడాది సీజన్ మొదట్లోనే పాత హెచ్.పీ. కటౌట్ పాడైంది. యజమాని తనే విజయవాడ వెళ్లి కొత్తది కొన్నాడు. కొట్టువాడు రెండు రకాలు చూపించాడట. ఒకటి చదరపు సెంటీమీటరుకు 8 నుంచి 24 కేజీల ఒత్తిడి మధ్య పనిచేసేది, ఇంకోటి 60 కేజీల దాకా వెళ్లేది. రెండోది ధర కూడా తక్కువ. "ఎక్కువ తట్టుకునేదే కదా గట్టిది" అనుకుని యజమాని అదే తెచ్చాడు. కుర్రాడు బిగించాడు. సెట్టింగు ఎంతని అడిగితే, "పాతది 16 మీద ఉండేది, అలాగే పెట్టు" అన్నాడు యజమాని. ప్యానెల్ మీదున్న గేజు చూసుకుంటూ కుర్రాడు అలాగే పెట్టాడు.

ఆ వారంలోనే యజమాని పక్క స్టోరేజీకి వెళ్లాడు. అక్కడ గది ఉష్ణోగ్రత డిజిటల్ అంకెల్లో కనబడింది. అర డిగ్రీ కూడా కదలడం లేదు. వచ్చీ రాగానే, "మనకూ అలాగే ఉండాలి" అని హుకుం. కుర్రాడు ఎల్.పీ. కటౌట్‌లో ఆగే ఒత్తిడినీ, మళ్లీ నడిచే ఒత్తిడినీ బాగా దగ్గరకు లాగాడు. 2 కేజీల దగ్గర ఆగి, 2.2 దగ్గర మళ్లీ నడిచేలా. మూడో స్విచ్చును ఎవరూ ముట్టుకోలేదు.

ఏప్రిల్ వచ్చింది. ఎండలు ముదిరాయి. కండెన్సరు పైన ఎన్ని నీళ్లు కురిపించినా డిశ్చార్జి ఒత్తిడి 14 దాకా ఎక్కి కూర్చుంటోంది. అది ఆ కాలానికి మామూలే. 40 డిగ్రీల దగ్గర ద్రవంగా మారే అమోనియా ఒత్తిడి ఇంచుమించు అంతే ఉంటుంది. కానీ హెచ్.పీ. కటౌట్ ఒకరోజు మధ్యాహ్నం 15 కూడా రాకముందే మెషిన్ని ఆపేసింది. కుర్రాడు వెళ్లి రీసెట్ బటన్ నొక్కాడు. మర్నాడు మళ్లీ ఆపింది. స్క్రూ కాస్త బిగించాడు. నాలుగు రోజులు ఊరుకుని మళ్లీ మొదలు. ఇంకాస్త బిగించాడు. ఎల్.పీ. కటౌట్ సంగతి ఇంకో రకం. అది మెషిన్ని ఆపి, వాడు నాలుగడుగులు వేసేలోపే మళ్లీ నడిపించేది. రోజంతా మోటారు ఆగడం, లేవడం, ఆగడం, లేవడం. కాంటాక్టరు పాయింట్లు కాలిపోతే మార్చారు. వాటి ఖర్చు విని యజమాని కుర్రాడి మీద విరుచుకుపడ్డాడు. "మేస్త్రీ ఉన్నప్పుడు ఈ గొడవలు లేవు" అన్నాడు.

ఒక రాత్రి రెండు గంటలప్పుడు మెషిన్ ఆగింది. ఈసారి ఆయిల్ స్విచ్చు. కుర్రాడు గేజు చూశాడు, నూనె ఒత్తిడి 3 కేజీలు దాటే ఉంది. రీసెట్ నొక్కాడు. నడిచింది. నిమిషం తిరక్కుండా మళ్లీ ఆగింది. మళ్లీ నొక్కాడు, మళ్లీ ఆగింది. లోపల వేల టిక్కీలు. ఫోన్ చేస్తే యజమాని తిడతాడు. చేయకపోతే పొద్దున తిడతాడు. ఇన్నాళ్లూ రెండు స్విచ్చులు ఊరికే సతాయించాయి, ఇప్పుడు మూడోదీ వాటి దారే పట్టిందనుకున్నాడు. ప్యానెల్ తలుపు తీసి, ఒక ఎర్ర తీగ ముక్క కోసి, ఆ వరసలో మొదటి టెర్మినల్ నుంచి ఆఖరి టెర్మినల్‌కు కట్టేశాడు. డైరెక్ట్ చేయడమంటే అదే. మూడు స్విచ్చులూ ఉన్నచోటే ఉన్నాయి, ఏదీ ఇక మెషిన్ని ఆపలేదు.

తెల్లారేదాకా కంప్రెసరు ఆగలేదు. యజమాని టీ తాగుతూ, "ఈ సీజన్లో మొదటిసారి రాత్రి ఫోన్ రాలేదురా" అని మెచ్చుకున్నాడు. జేబులోంచి ఐదొందలు తీసిచ్చాడు కూడా.

ఆ సాయంత్రమే మేస్త్రీ వచ్చాడు. మనవరాలి పెళ్లి, శుభలేఖ ఇవ్వడానికి. ఆఫీసులో యజమాని లేడు. ఎలాగూ వచ్చాను కదా అని మెషిన్ రూము వైపు నడిచాడు. గుమ్మంలోనే ఆగి, తల కాస్త వంచి విన్నాడు. లోపలికొచ్చి శుభలేఖల సంచి బల్ల మీద పెట్టి, నేరుగా వెళ్లి స్టాప్ బటన్ నొక్కాడు.

"బాబాయ్! అదేంటి, ఎందుకాపావు?"

"ముందు ప్యానెల్ తలుపు తియ్యరా అబ్బాయ్."

తీశాడు. ఎర్ర తీగ కనబడింది.

"ఇదెప్పుడు కట్టావు?"

"రాత్రి. అనవసరంగా ఆపేస్తున్నాయి బాబాయ్. నెల నుంచి ఇదే బాధ. ఒకటి కాకపోతే ఒకటి."

"రాత్రి ఏది ఆపింది?"

"ఆయిల్ స్విచ్చు. గేజు చూస్తే మూడు పైనే ఉంది. అయినా ఆపింది."

"సక్షన్ గేజు ఎంతుంది అప్పుడు?"

"రెండున్నర."

"మరి బేరింగుల్లోకి నూనెను తోసే ఒత్తిడి ఎంత?"

కుర్రాడు మూడని చెప్పబోయి ఆగాడు. మేస్త్రీ చెప్పాడు. "క్రాంక్‌కేసు లోపల సక్షన్ గ్యాసు ఒత్తిడి ముందే ఉంటుందిరా. మెషిన్ ఆగి ఉన్నా ఆ గేజు సున్నాకి రాదు, చూడు. పంపు దాని మీద ఎంత ఎక్కువ తోస్తే అంతే నూనె కదిలేది. ఆ స్విచ్చుకు రెండు గొట్టాలు ఎందుకున్నాయనుకున్నావు? ఒకటి నూనెది, ఒకటి సక్షన్‌ది. రెంటికీ తేడా చూస్తుంది అది. ఇప్పుడు తీసివెయ్యి."

"మూడూ చిల్లర... మూడు పాయింట్ మూడు. అందులో రెండున్నర పోతే... ఎనిమిది పాయింట్లు."

"అది ఎంత మీద పెట్టి ఉంది?"

"ఒకటి మీద."

మేస్త్రీ ఇంకేమీ అనలేదు. స్పానర్లు తెమ్మన్నాడు. వాల్వులు మూసి, లోపలి గ్యాసు దించి, నూనె ఫిల్టరు విప్పారు. జల్లెడ నిండా నల్లటి మడ్డి. ఆ తర్వాత కవరు తీసి బేరింగు చూశారు. గీతలు పడ్డాయి గానీ లోతుగా లేవు. ఇంకో రెండు రాత్రులు అలాగే నడిచి ఉంటే షాఫ్టు పట్టేసేది. సీజన్ మధ్యలో, వేల టిక్కీల మీద.

మర్నాడు మేస్త్రీ మిగతా రెండు స్విచ్చుల పని పట్టాడు. ఊరికి వెళ్లలేదు, కుర్రాడి గదిలోనే పడుకున్నాడు. స్టోర్‌రూములో దూది మధ్య పెట్టి దాచిన మాస్టర్ గేజునూ, చేత్తో తిప్పే కంపారిటర్ పంపునూ తీయించాడు. ముందు ప్యానెల్ గేజు విప్పి గాలికి వదిలాడు. ముల్లు సున్నా మీద నిలవాలి. అది 0.6 దగ్గరే ఆగిపోయింది. "దీన్ని చూసి పెట్టావు నువ్వు సెట్టింగు. ఇది పదహారు చూపిస్తే అసలు ఒత్తిడి పదిహేనున్నర లోపే."

కొత్త హెచ్.పీ. కటౌట్‌ను విప్పి పంపుకు బిగించారు. టెర్మినళ్లకు మల్టీమీటరు కలిపి బజరు మోగేలా పెట్టారు. మేస్త్రీ మొదటి మూడుసార్లూ ఒత్తిడి పైకి తీసుకెళ్లి, కిందికి దించి ఊరుకున్నాడు, ఏమీ రాసుకోలేదు. "చాలాసేపు కదలకుండా ఉన్న స్విచ్చు మొదట చెప్పే మాట నమ్మకు. కాస్త ఆడించి అప్పుడు అడుగు." తర్వాత హద్దు దగ్గర పడేకొద్దీ చక్రం చాలా నెమ్మదిగా తిప్పాడు. బజరు ఆగింది. కుర్రాడు రాసుకున్నాడు: 15.9. దించి మళ్లీ ఎక్కించారు: 14.6. మళ్లీ: 15.2. ఇంకోసారి: 14.8.

"ఇప్పుడు స్క్రూ ఎటు తిప్పుతావు?" అని అడిగాడు మేస్త్రీ.

కుర్రాడు చాలాసేపు ఆ అంకెల వైపు చూశాడు. "ఎటు తిప్పినా లాభం లేదు బాబాయ్."

"అదీ. ఎప్పుడూ అర కేజీ తక్కువ చెప్పేదాన్ని తిప్పి సరిచేయొచ్చు. పూటకో మాట చెప్పేదాన్ని ఎవడూ సరిచేయలేడు. ఇది హైడ్రాలిక్ ప్రెస్సుల కోసం చేసింది. లోపల పిస్టనుంది, దాని చుట్టూ రబ్బరు రింగుంది. ఆ రింగు రాపిడి దాటితేగానీ పిస్టను కదలదు. ఈ రకంలో పెద్దవి పనిచేసే రెండొందలు, మూడొందల కేజీల దగ్గర ఆ రాపిడి లెక్కలోకి రాదు. అరవై కేజీల దాన్ని పదహారు దగ్గర పెడితే రాపిడే రాజ్యం చేస్తుంది. పైగా మెడ ఇత్తడి. అమోనియా తగిలే చోట ఇత్తడి ఎలా బిగించావురా?"

"సార్ తెచ్చారు..."

ఎల్.పీ. కటౌట్ బాగానే ఉంది. దాని సెట్టింగే తప్పు. 1.8 దగ్గర ఆగి, 3 దాటాక నడిచేలా మేస్త్రీ మార్చాడు. ఆ మధ్య ఖాళీ చూసి యజమాని గుండె కలుక్కుమంది. "అంత తేడా పెడితే గది వేడెక్కదా మేస్త్రీ?"

"లోపల ఎన్ని టన్నుల మిర్చి ఉంది బాబూ? అంత సరుకు గంటకీ గంటకీ వేడెక్కదు. వేడెక్కేదల్లా రెండు నిమిషాలకోసారి లేచే మీ మోటారు. కావాలంటే నాలుగు రోజులు టిక్కీ మధ్యలో థర్మామీటరు గుచ్చి చూడండి."

గుచ్చి చూశారు. కదల్లేదు. హెచ్.పీ. కటౌట్‌కు 8 నుంచి 24 దాకా పనిచేసే అమోనియా రకాన్నే తెప్పించారు. బెంచి మీద నాలుగుసార్లు చూస్తే నాలుగుసార్లూ 16కి వెంట్రుకవాసి అటూ ఇటూగా తెరుచుకుంది. డిశ్చార్జి గొట్టానికి నేరుగా కాకుండా మధ్యలో ఒత్తిడి కుదుపులను తగ్గించే స్నబ్బర్ పెట్టి బిగించారు. స్క్రూ కదలకుండా ఎర్ర రంగు చుక్క పెట్టారు, పక్కనే తారీఖు రాశారు.

అంతా అయ్యాక యజమాని మేస్త్రీని ఆఫీసులోకి పిలిచాడు. కుర్రాణ్ని పంపించేస్తానన్నాడు. తీగ కట్టిన చెయ్యి ఇంకోసారి కట్టదని నమ్మకం ఏంటన్నాడు.

మేస్త్రీ శుభలేఖ చేతికిచ్చి అన్నాడు. "వాడు తప్పు చేశాడు బాబూ, కాదనను. ఆ తీగకు రెండు కొసలున్నాయి. ఒక కొస వాడు కట్టాడు. అరవై కేజీల స్విచ్చు కొన్నరోజున, అర డిగ్రీ కదలకూడదన్నరోజున రెండో కొస మీరు కట్టారు. పంపితే ఇద్దర్నీ పంపాలి."

యజమాని నవ్వలేదు, కోప్పడనూ లేదు. కుర్రాడు ఆ పనిలోనే ఉన్నాడు. ఐదొందలు వెనక్కి ఇవ్వబోతే యజమాని తీసుకోలేదు. కథ ఇంతే.

నీతి: కాపలా ఊరికే కేకలు పెట్టేలా మనమే చేస్తాం. ఆ కేకలకు విసిగి దాని నోరు నొక్కేది మరొకడు. అది నిజంగా కేకపెట్టాల్సిన రోజున మూల్యం చెల్లించేది అందరమూ.

"నాన్నా పులి" కథ మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అందులో తప్పంతా సరదాకు అరిచిన కుర్రాడి మీద వేసి చేతులు దులుపుకుంటాం. ప్రెషర్ స్విచ్చు సరదాకు అరవదు. లోపల ఒక స్ప్రింగు, దానికి ఎదురుగా ఒత్తిడి, మధ్యలో ఒక చిన్న మైక్రోస్విచ్. అంతకు మించి దానికి బుర్ర లేదు. అది అకారణంగా ఆపుతోందంటే కారణం మనకు తెలియదన్నమాట, లేదా ఆ కారణాన్ని కొనుగోలు రోజున మనమే అందులో పెట్టామన్నమాట. మన ఫ్యాక్టరీల్లో ప్రమాదం జరిగాక వేసే విచారణలు తీగ కట్టినవాడి దగ్గర మొదలై అక్కడే ముగుస్తాయి. అది సులువు. వాడి కంటే మూడు నెలల ముందు కొటేషన్ మీద సంతకం పెట్టినవాడి దాకా వెళ్లడమే కష్టం.

కథలో యజమాని చేసిన పొరపాటు మూర్ఖత్వం కాదు. బాగా చదువుకున్నవాళ్లు కూడా చేసేదే. స్విచ్చు మీద రెండు వేరువేరు అంకెలుంటాయి. ఏ హద్దుల మధ్య సెట్టింగు మార్చుకోవచ్చో చెప్పేది ఒకటి. పగిలిపోకుండా, స్వభావం మారిపోకుండా ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో చెప్పేది ఇంకొకటి. గట్టిదనం కావాలంటే రెండో అంకె చూడాలి. మొదటి అంకెను పెంచుకుంటూ పోతే వచ్చేది గట్టిదనం కాదు, మందకొడితనం. స్విచ్చు ఎంత నిలకడగా చెబుతుందనేది సాధారణంగా మొత్తం రేంజిలో శాతంగా లెక్కగడతారు. 1 శాతం అంటే 24 కేజీల దానికి పావు కేజీ లోపే, 60 కేజీల దానికి 0.6 కేజీ. పద్నాలుగు దగ్గర నడుస్తూ పదహారు దగ్గర ఆగాల్సిన మెషిన్‌కి ఉన్న చోటే రెండు కేజీలు. మండే మధ్యాహ్నం అందులో సగం తినేస్తుంది. అందుకే మనకు కావలసిన సెట్టింగు రేంజికి నడిమధ్యన పడేలా కొనమని పాతకాపులు చెబుతారు.

తేడా సంగతి మరీ ముఖ్యం. ఆపే ఒత్తిడికీ తిరిగి కలిపే ఒత్తిడికీ మధ్య వదిలిన ఖాళీని చూసి అది స్విచ్చు లోపమనుకునేవాళ్లు ఎక్కువ. లోపం కాదు, కావాలని పెట్టింది. వర్క్‌షాపుల్లో గాలి కంప్రెసరు 6 దగ్గర లేచి 8 దగ్గర ఆగితే ఎవరూ ఆశ్చర్యపోరు. ఆ రెండు కేజీల ఖాళీలో ట్యాంకు పనిచేస్తుంది, మోటారు చల్లబడుతుంది. అదే ఖాళీని పావు కేజీకి తెస్తే మోటారు బతుకు కుక్కలపాలు. కొన్ని స్విచ్చుల్లో ఈ తేడా కంపెనీలోనే ఖాయమై వస్తుంది, కొన్నింట్లో మార్చుకోవచ్చు. కొనేముందు ఈ ఒక్క ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ.

ఇక లోపల తగిలేది ఏమిటో చూడాలి. అమోనియాకు రాగి, ఇత్తడి పనికిరావు. తడి తగిలితే ఇత్తడి పగుళ్లిస్తుంది. రబ్బర్లలో కూడా అమోనియాకు పడేవీ పడనివీ ఉన్నాయి. వేడిని బాగా తట్టుకుంటుందని పేరున్న వైటాన్ అమోనియా దగ్గర నిలవదు. ఆవిరి మీద పెట్టే స్విచ్చుకు ముందు వంపు తిరిగిన సైఫన్ గొట్టం ఉండాలి. అందులో నిలిచే నీరే స్విచ్చు లోపలి పల్చటి పొరను, అంటే డయాఫ్రంను, వేడి నుంచి కాపాడుతుంది. ఇంకోటి. ఈ మధ్య మిల్లుల్లో మెషిన్లను నడిపే చిన్న కంప్యూటర్లు, అంటే పీఎల్‌సీ ప్యానెళ్లు వచ్చాయి. 230 వోల్టుల కాయిల్‌ను నడిపే వెండి కాంటాక్టుల స్విచ్చును తెచ్చి, కొద్ది మిల్లీఆంపుల పీఎల్‌సీ ఇన్‌పుట్‌కు కలుపుతారు. అంత చిన్న కరెంటు కాంటాక్టు మీది మకిలిని కాల్చలేదు, అప్పుడప్పుడూ సిగ్నల్ అందదు. అలాంటి చోట బంగారు పూత కాంటాక్టులు కావాలి. అందని సిగ్నల్‌ను వెతుకుతూ ఎన్ని రాత్రులు పాడైపోతాయో పనిలో ఉన్నవాళ్లను అడగండి.

కాలిబ్రేషన్ గురించి మేస్త్రీ చెప్పింది చాలావరకు చాలు. రెండు మాటలు కలుపుతాను. మాస్టర్ గేజు స్విచ్చు కంటే కనీసం నాలుగింతలు కచ్చితంగా ఉండాలి, లేకపోతే దేన్ని దేనితో కొలుస్తున్నట్టు? స్విచ్చు లైనులో ఏ దిశలో బిగించి ఉంటుందో బెంచి మీదా అదే దిశలో నిలబెట్టాలి. మెత్తటి డయాఫ్రంలున్న తక్కువ ఒత్తిడి స్విచ్చుల్లో పడుకోబెడితే ఒక మాట, నిలబెడితే ఒక మాట. నీళ్ల లైనుకు పది మీటర్ల కింద స్విచ్చు బిగిస్తే ఆ నీటి బరువే దాదాపు ఒక కేజీ అదనంగా చూపిస్తుంది, అది లెక్కలో కలపాలి. ఎక్కేటప్పుడు తెరుచుకునే అంకె ఒక్కటే రాసుకుంటే సగం పనే అయినట్టు. దిగేటప్పుడు మూసుకునే అంకె కూడా రిజిస్టరులో ఉండాలి. స్ప్రింగు అలసిపోతోందా, రాపిడి పెరుగుతోందా అనేది ఆ రెండో అంకె చెబుతుంది.

ఈ స్విచ్చుల తీగలు వేసే పద్ధతిలో ఒక విడ్డూరం ఉంది. మామూలుగా ఉన్నంతసేపు కరెంటు వాటి గుండా పోతూనే ఉంటుంది, ప్రమాదం వస్తే తెగుతుంది. ఎలక తీగ కొరికినా, టెర్మినల్ వదులైనా మెషిన్ ఆగిపోతుంది గానీ కాపలా లేకుండా నడవదు. చాలా మంచి ఆలోచన. కానీ దాన్ని ఓడించడానికి ఒక్క తీగ ముక్క చాలు, అదీ కట్టినట్టు బయటికి తెలియదు. కాబట్టి ఈ అమరికను కాపాడేది చివరికి దాని మీద మనిషికున్న నమ్మకమే. ఆ నమ్మకాన్ని పాడుచేసే సెట్టింగు ఏదైనా, అది ఎంత జాగ్రత్తగా కనిపించినా, భద్రతకు విరుద్ధమే. హద్దును మరీ బిగించి పెట్టి భద్రత పెంచామనుకునే ఇంజనీర్లకు ఈ మాట రుచించదని తెలుసు.

ఇది కథల్లోనే జరుగుతుందనుకోవద్దు. ఇంగ్లండ్‌లో లండన్‌కు ఉత్తరాన బన్స్‌ఫీల్డ్ అనే చోట పెద్ద పెట్రోలు డిపో ఉండేది. 2005 డిసెంబరు 11, ఆదివారం తెల్లవారుజామున 912 నంబరు ట్యాంకు నిండుతోంది. నిండిన మట్టం చూపే గేజు కదలకుండా ఒకేచోట నిలిచిపోయింది. ఆ గేజు అలా ఆగిపోవడం కొత్త కాదు. అంతకుముందు మూడు నెలల పైచిలుకులో 14 సార్లు ఆగిందని విచారణలో తేలింది. ఆగినప్పుడల్లా ఏదో చేసి కదిలించారు తప్ప జబ్బు కనిపెట్టలేదు. గేజు మోసం చేసినా ట్యాంకు పైన విడిగా ఇంకో స్విచ్చు ఉంది. అది ఒత్తిడిది కాదు, మట్టానిది, కానీ దాని ధర్మం ఇదే. ఆ రోజు అది పనిచేయలేదు. దానికి పరీక్ష కోసం ఒక మీట ఉంటుంది. పరీక్ష అయ్యాక ఆ మీటను సరైన చోట నిలిపి ఉంచడానికి ఒక తాళం కప్ప వేయాలి. ఎవరూ కెలక్కుండా వేసే తాళం కాబోలనుకుని దాన్ని వేయలేదు. మీట జారిపోయింది, స్విచ్చు మూగబోయింది. పెట్రోలు పొంగి పొర్లి, ఆవిరై, ఆరు గంటలకు పేలింది. నలభై మందికి పైగా గాయపడ్డారు. ఆదివారం పొద్దు కావడంతో ఎవరూ చనిపోలేదు.

అక్కడ తీగ కట్టిన కుర్రాడు లేడు. తాళం ఎందుకో అడగనివాళ్లు, ఎందుకో చెప్పనివాళ్లు మాత్రమే ఉన్నారు. ఆయిల్ స్విచ్చుకు రెండు గొట్టాలెందుకో మన కుర్రాడికి ఎవరూ చెప్పనట్టే. వాడికి జీతమిచ్చారు, డ్యూటీ ఇచ్చారు, తిట్లిచ్చారు. ఆ స్విచ్చు ఏం చూస్తుందో చెప్పడానికి పది నిమిషాలు మాత్రం ఎవరికీ దొరకలేదు.

ఒత్తిడిని కొలిచి కంప్యూటరుకు పంపే ట్రాన్స్‌మిటర్లు వచ్చాయి, స్క్రీన్ మీద అన్నీ కనబడుతున్నాయి, ఈ పాత స్విచ్చులెందుకని అడిగేవాళ్లున్నారు. కంప్యూటర్ ఆగినా, దాని సిగ్నల్ తప్పినా, స్ప్రింగూ డయాఫ్రమూ తమ పని తాము చేస్తాయి. వేరే కళ్లతో చూసే కాపలా ఒకటి విడిగా ఉండడమే దాని విలువ. అందుకే తీసేయకండి. ఉంచితే మాత్రం సరైనది ఉంచండి.

సీజన్ మొదలయ్యే ముందు ఒక పూట కేటాయించండి. మెషిన్ ఆపి, ప్రతి ప్యానెల్ తలుపూ తీయించి, డైరెక్ట్ చేసిన తీగలు ఎన్ని ఉన్నాయో మీ కళ్లతో లెక్కపెట్టండి. కనబడిన ప్రతి తీగ దగ్గరా దాన్ని కట్టినవాణ్ని పిలిచి, తిట్టకుండా, ఏ స్విచ్చు ఎన్నిసార్లు సతాయించిందో అడగండి. వాడు చెప్పింది రాసుకుని, ముందు ఆ స్విచ్చును బెంచి మీదికి పంపండి. తీగ ఆ తర్వాత, స్విచ్చు తిరిగొచ్చిన రోజునే, మీ ఎదురుగా తీయించండి. అప్పటిదాకా మెషిన్ని నడపకండి.